మాలుతో వాటం కట్టిన స్నానాల గచ్చు: ఆరేళ్లు వాడాక

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేడ మీద స్నానాల గదికి కొత్తగా వాటం, అంటే నీళ్లు జారిపోయేలా నేలకి ఏటవాలు, కట్టించి ఆరేళ్లు దాటింది. కట్టించిన రోజుల్లో వీధిలోవాళ్లు వచ్చి చూసి, ఇంత చిన్న గదికి ఇన్ని రోజుల పనా అన్నారు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు తమ ఇళ్లకి పని పెట్టుకుంటూ నన్ను అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను. బాగుందా అంటే బాగుంది. ఆరు వానాకాలాలు పోయినా కింద గది శ్లాబుకి చెమ్మ మరక ఒక్కటి రాలేదు. ఒక మూల మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది. దాని సంగతీ దాచను.

ముందు పాత గది గురించి చెప్పాలి. అది 2011లో కట్టింది. నాలుగేళ్లు తిరగకుండానే కింద పడకగదిలో మంచానికి సరిగ్గా పైన పసుపురంగు మరక తేలింది. రెండుసార్లు సున్నం, ఒకసారి రంగు వేయించాం. మళ్లీ తేలింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాని ఊపేసి పోయినప్పుడు వంటింటి పెంకులన్నీ ఎగిరిపోయాయి. ఆ మరమ్మతుకి వచ్చిన మేస్త్రీ చేతే మేడ మీద గదినీ పగలగొట్టించాం.

ఆ రోజు చూసింది నేను మరిచిపోలేను. ఆ గదిని అప్పటికి పది రోజులుగా ఎవరూ వాడలేదు. టైల్సు పైన పొడిగా, తెల్లగా ఉన్నాయి. ఉలి దెబ్బకి ఒక పలక లేచేసరికి కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపి వేసే పొర) నల్లగా, వేలితో గీస్తే గీత పడేంత తడిగా ఉంది. మూసిన కుండీలో నిలవున్న నీళ్ల వాసన గుప్పుమని కొట్టింది. మేస్త్రీ ఇంకా కిందకి తవ్వి పాత వాటర్‌ప్రూఫింగు పూత చూపించాడు. ఎక్కడా చిట్లలేదు. కానీ రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన ఆగింది. అంటే పూత బల్లపరుపుగా ఉంది. వాటమంతా పైన టైల్సుకే పెట్టారు.

ఆయనది మా జిల్లాలోనే కాశీనగరం వైపు. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతాడు. మనం వాటం అనేదాన్ని ఆయన ఢాలు అంటాడు. "ఢాలు అడుగునుంచి రావాల అమ్మా. పైన పెట్టేస్తే ఏటి లాభం, నీరు కిందకి దిగాక ఎటు పోద్ది?" అన్నాడు. గచ్చు రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. టైల్సు మధ్య సందుల్లో నింపే గ్రౌటు నీళ్లని పూర్తిగా ఆపదు, దాని కింద మాలూ ఆపదు. రోజూ కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది. దిగిన నీరు పూత మీద పడి నహానీ (నేలలో నీళ్లు గొట్టంలోకి దిగే నోరు) వైపు జారాలి. పూత చదునుగా ఉంటే అక్కడే కూర్చుంటుంది. ఏళ్ల తరబడి కూర్చున్న నీరు గోడ పక్క సందుల్లోంచో పైపు పక్కనుంచో దారి వెతుక్కుంటుంది.

అందుకని ఈసారి రెండు పొరల్లో వాటం కట్టాం. నీళ్లు పోసుకునే చోటు నాలుగడుగులకి నాలుగడుగులు, నహానీ మధ్యలో. శ్లాబు గుంటని ఇటుక ముక్కలు, సిమెంటుతో నింపాక మొదటి మాలు పొరకే వాటం ఇచ్చాడు. దాని మీద పూత రెండు చేతులు, మూలల్లో జాలీ గుడ్డ అతికించి, గోడల మీదికి కూడా ఎక్కించాడు. పూత ఆరాక నహానీకి బిరడా కొట్టి రెండు రోజులు నీళ్లు నిలగట్టాం. గోడ మీద పెన్సిలు గీత గీసుకుని పూటపూటకీ చూశాను. కింద గదిలో శ్లాబుని చేత్తో తడిమి చూశాను. ఆ తర్వాతే పైపొర. నహానీ మెడకి పూత మట్టానికి సన్నటి రంధ్రాలు పెట్టి, అవి మూసుకుపోకుండా చుట్టూ చిన్న కంకర పేర్చాడు. కిందకి దిగిన నీరు ఆ రంధ్రాల్లోంచి గొట్టంలోకి పోతుంది.

అడుగుకి పావంగుళం వాటం అనుకున్నాం. నేను నహానీ నుంచి గోడకి రెండడుగులు కదా, అరంగుళం ఎత్తు చాలు అనుకున్నాను. కాదట. మూలకి దూరం రెండడుగుల పదంగుళాలు. లెక్క దూరపు మూలనుంచి కట్టాలి, ఆ ఎత్తే నాలుగు గోడల వెంబడీ ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే గోడ అంచున టైలు గీత వంకరగా కనిపిస్తుంది. అలా చుట్టూ ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ వచ్చింది. దాంతో గోడ మధ్యల నుంచి వాటం మూలలకన్నా ఎక్కువ. మొదట్లో ఇది తెలియక అటు ఎక్కువ దించేశాడని ఆయన్ని కోప్పడ్డాను.

మాలు ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక. నీళ్లు మాత్రం చాలా తక్కువ. "సున్నుండ కట్టినట్టు కట్టండి" అని నా చేతిలో పోశాడు. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచింది, తెరిచాక అరచేయి తడి కాలేదు. అదే లెక్క. పలచగా కలిపిన మాలు వాటంలో నిలవక కిందకి జారుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. గోడ వెంబడి గీత వరకూ వేసి, చెక్కతో దట్టించి, బద్దని గోడ నుంచి నహానీకి లాగుతూ కోసుకుంటూ వచ్చాడు. రెండు పొరలకీ కలిపి ఒక బస్తా సిమెంటు సరిపోయింది. ఏడు రోజులు తడి గోనెలు కప్పాం.

టైల్స్ కొట్లో రెండడుగుల పలకలు తీసుకోమన్నారు. నాలుగు వైపుల నుంచి గుంటలా దిగే నేల మీద పెద్ద పలక వంగదు, ఐమూలగా కోయాల్సిందే. అడుగు పలకల్నే నాలుగేసి ముక్కలు చేయించి ఆరంగుళాలవి పరిపించాం. గరుకు రకమే కొన్నాను. మా అత్తయ్య పాత గదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఈ ఆరేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా జారలేదు. గీతలెక్కువ, అంటే గ్రౌటూ ఎక్కువ, రుద్దే పనీ ఎక్కువ. అయినా నాకు ఇదే ఇష్టం.

ఇక వాడకంలో తేలినవి. నీళ్లు పోసుకుని తువ్వాలు చుట్టుకునేలోగా నేల మీద నీరు పోతుంది. వాసన లేదు. వానాకాలంలో గోడ అడుగున వచ్చే నల్ల బూజు ఇక్కడ రాలేదు. పాత గదిలో ఎప్పుడూ ఉండేది.

రెండో ఏడు పనిమనిషి మరకలకని యాసిడ్ పోసి కడిగింది. సిమెంటు గ్రౌటుని యాసిడ్ తినేస్తుంది. మూడో ఏటికి నహానీ చుట్టూ గ్రౌటు గోరుతో గీకితే ఇసుకలా రాలింది. అంతవరకూ గీకించి, సిమెంటు బదులు రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌటు నింపించాం. అప్పటినుంచి గట్టిగా ఉంది. మొదటే నహానీ చుట్టూ అదే వేయించి ఉండాల్సింది. నాలుగు కాళ్ల ప్లాస్టిక్ స్టూలు ఈ వాటం మీద ఊగుతుంది. అత్తయ్య కూర్చునే స్టూలు రెండు కాళ్లకి రబ్బరు ముక్కలు తొడిగి ఎత్తు సరిచేశాం. ముసలివాళ్లున్న ఇంట్లో ఈ ఇబ్బంది ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు ఆ మూల. కిటికీ కింద, తూర్పు మూలలో అరచేయంత స్థలంలో నీరు నిలుస్తుంది. లోతు ఎంతో కాదు, రూపాయి బిళ్ల మందమంత. రోజూ తుడవకపోతే ఎర్రటి జిగురు కడుతుంది. పైపొర వేసిన రోజు సాయంత్రం చీకటి పడుతోంది. మూడు మూలలూ బద్దతో చూసుకున్న మనిషి నాలుగోది కంటితో చూసి వదిలేశాడు. నేనూ లైటు తెచ్చి పెట్టలేదు. మాలు గట్టిపడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు, టైల్సు దాన్నే అనుసరిస్తాయి. కిందపొర వాటం సరిగ్గానే ఉంది కాబట్టి కారడం లేదు. అదే నా ధైర్యం.

గుణుపురంలో మా తమ్ముడు సంక్రాంతి తర్వాత పని మొదలుపెడుతున్నాడు. వాడికి పెద్ద పలకలే కావాలట. అలాగైతే గోడ వారగా నీళ్లు పోయే పొడవాటి జాలీ పెట్టించి, వాటం ఒక్క వైపుకే ఇవ్వమన్నాను. అప్పుడు పలకలు కోయక్కర్లేదు. మేస్త్రీ ఈయనే. పైపొర వేసే రోజు ఉదయమే మొదలుపెట్టాలని ఇద్దరికీ చెప్పాను. ఆ రోజుకి నేనూ వెళ్తున్నాను, రసమట్టం పట్టుకుని.