జగ్‌దల్‌పూర్: జలపాతం చూసి తిరుగు రైలెక్కేయకండి

మనవాళ్ళలో చాలామంది అరకు దాటి చిత్రకోట్ జలపాతం దాకా వెళ్తారు, ఫొటోలు దిగి మర్నాడే వెనక్కి వచ్చేస్తారు. సెప్టెంబరులో మేం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా కేంద్రం జగ్‌దల్‌పూర్‌లో నాలుగు రోజులున్నాం. మూడు రోజులు ఊరు చూడ్డానికే సరిపోయాయి.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కితే సాయంత్రానికి దిగొచ్చు. కిటికీ పక్క సీటు దొరికితే కొండలు, సొరంగాలు చూస్తూ అలసటే తెలియదు.

ఈ ఊరు మొదట జగ్తుగూడ, జగ్తు అనే మహరా కులపెద్ద ఉండే పల్లె. 18వ శతాబ్దంలో బస్తర్ రాజు దళపత్ దేవ్ రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఇద్దరి పేర్లూ కలిసి జగ్‌దల్‌పూర్ అయిందని అక్కడివాళ్ళు చెప్తారు. అందులోనూ ముందున్నది జగ్తు పేరే! ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటొచ్చి రాజ్యం స్థాపించాడని ఆ వంశం చెప్పుకునే కథ. మన పాఠాల్లో కాకతీయులు 1323తో ఆగిపోతారు. బస్తర్‌లో 1948 దాకా వాళ్ళ పేరు నిలిచింది.

దంతేశ్వరి గుడి దగ్గర దసరా రథం చేస్తున్నారు. గంటసేపు కదల్లేకపోయాను. పచ్చి దుంగ మీద కాళ్ళు ఎడంగా పెట్టి ఒక పెద్దాయన బాడిసతో చెక్కుతుంటే పెళ్ళలు నా చెప్పుల మీద వచ్చి పడుతున్నాయి, తడి చెక్క వాసన. ఏటా ఈ పని బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ళవాళ్ళదే. పండగ 75 రోజులు, రావణ దహనం ఉండదు. ముళ్ళ పాన్పు మీద కూర్చున్న మిర్గాన్ కులపు పిల్ల అనుమతిస్తేనే రాజు పండగ మొదలుపెట్టాలి.

పక్కనే రాజమహల్. 1966 మార్చి 25న పోలీసు కాల్పుల్లో మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయనతో పాటు ఎందరో ఆదివాసులు చనిపోయింది అక్కడే. ఆ గోడల ముందు నాకు మాట రాలేదు.

బస మాటకొస్తే, బస్టాండు దగ్గర లాడ్జి మమ్మల్ని ముంచింది. ఫోన్లో చూపించిన గది వేరు, ఇచ్చిన చెమ్మ గది వేరు. మర్నాడే ఖాళీ చేసి దళపత్ సాగర్ చెరువు వైపు చిన్న హోటల్‌కి మారాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు అడిగిన వెంటనే తెచ్చారు. డబ్బు ఖర్చుపెట్టేదుంటే చిత్రకోట్‌లో పర్యాటక శాఖ రిసార్టులో ఒక రాత్రి ఉండండి. జనం వెళ్ళిపోయాక ఆ ఎర్రనీటి హోరు పక్కనే పడుకున్నట్టుంటుంది. ఊరి నుంచి 40 కిలోమీటర్లలోపే, రోజంతా కారు మాట్లాడుకుంటే తీరథ్‌గఢ్ జలపాతం కూడా అవుతుంది. కుటుంసర్ గుహ మాత్రం వానాకాలం మూసేస్తారు.

తిండికి సంజయ్ మార్కెట్. ఆకులో పెట్టిచ్చిన చాప్డా, అంటే ఎర్రచీమల పచ్చడి, చింతకాయలా పుల్లగా నాలుక మీద చురుక్కుమంది. రెండోసారి అడిగి తిన్నాను. ధరంపురాలోని మానవశాస్త్ర మ్యూజియం ఏయే రోజుల్లో తెరుస్తారో ముందే కనుక్కోండి. దసరాకి వెళ్ళేవాళ్ళు గది ఇప్పుడే మాట్లాడుకోవాలి.