రూన్లతో జోస్యం: 16 మేలా, 24 మేలా?

రూన్లంటే ఉత్తర ఐరోపా వాళ్లు పూర్వం రాసిన అక్షరాలు; వాటిని పుల్లల మీద చెక్కి, సంచీలోంచి తీసి జోస్యం చూస్తారు. రూన్లు చేతబట్టి నాలుగు నెలలు గడిచాక దాదాపు అందరూ అడిగే ప్రశ్నే ఇది. బజారులో దొరికే సంచీల్లో దాదాపు అన్నిట్లో ఎల్డర్ ఫుథార్క్ అనే 24 అక్షరాల వరసే ఉంటుంది. వైకింగుల కాలంలో స్కాండినేవియాలో రాసింది మాత్రం 16 అక్షరాల యంగర్ ఫుథార్క్. ఇంగ్లండు వైపు ఆంగ్లో-శాక్సన్ వరస 28 నుంచి 33 దాకా పోతుంది. మరి దేనితో చూడాలి?

ఏది పాతది, ఏది అందంగా ఉంది అన్న చర్చ పక్కన పెడదాం. జోస్యంలో తేల్చుకోవాల్సింది ఒకటే. సంచీలోంచి పుల్ల తీశాక దాని అర్థం ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నాం?

24 వరసతో వచ్చే చిక్కంతా ఇక్కడే. స్వీడన్‌లోని గోట్లాండ్ ద్వీపంలో దొరికిన క్యూల్వర్ రాయి మీద ఈ అక్షరాలు వరసగా చెక్కి ఉన్నాయి. అది సుమారు క్రీ.శ. 400 నాటిది. రాతి మీద రూపాలున్నాయి గానీ పేర్లు లేవు, అర్థాలు అంతకన్నా లేవు. ఫెహు, ఉరుజ్, అన్సుజ్ అని మనం పలికే పేర్లు తర్వాతి కాలపు ఇంగ్లీషు, నార్స్ (పాత స్కాండినేవియా భాష) పేర్ల నుంచి భాషావేత్తలు వెనక్కి లెక్కగట్టి కూర్చినవి. అందుకే వాళ్లు రాసేటప్పుడు ప్రతి పేరు ముందూ నక్షత్రపు గుర్తు (*) పెడతారు. సంచీతో వచ్చే చిన్న పుస్తకం ఆ గుర్తు పెట్టదు.

రూన్లకి అర్థం చెప్పే పాత ఆధారాల్లో ముఖ్యమైనవి మూడు కవితలు. నార్వే కవితలో 16 పద్యాలు, ఒక్కోటి రెండు పాదాలు. దాని మూలప్రతి 1728లో కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో పోయింది, నకళ్లు మిగిలాయి. ఐస్‌లాండ్ కవితలోనూ 16 పద్యాలే. ఇంగ్లండు కవితలో 29 ఉన్నాయి. దాని ప్రతి కూడా 1731లో లండన్‌లో కాలిపోయింది. 1705లోనే అచ్చయి ఉండబట్టి మనదాకా వచ్చింది. ఈ మూడింట్లో ఏదీ 24 అక్షరాల వరస కోసం రాసింది కాదు.

అంటే 16 వరసలో ప్రతి పుల్లకీ ఆ వరస కోసమే రాసిన రెండేసి పద్యాలున్నాయి. 24లో గెబో, వున్యో, పెర్త్రో, అల్గిజ్, ఎహ్వజ్, ఇంగ్వజ్, ఓథల, దగజ్ అనే ఎనిమిదింటికి ఇంగ్లండు కవిత తప్ప మరో దిక్కు లేదు. అందులోనూ పెర్త్రో సంగతి మరీ ఘోరం. ఆ పద్యంలో ఉన్నది బీరు శాలలో వీరులు కూర్చున్న చోట ఆట, నవ్వు అనే మాటలే. ఆ పదం అసలు ఏ వస్తువు పేరో ఇప్పటికీ తేలలేదు. పాచికల గిన్నె, గర్భం, విధి రహస్యం అంటూ పుస్తకాలు చెప్పేవన్నీ ఆ ఖాళీలో నింపినవే.

మిగతా 16 అయినా పదిలంగా ఉన్నాయా అంటే అదీ లేదు. ఊర్ అనే రూను తీసుకోండి (మన చెవికి ఊరు అనిపిస్తుంది గానీ ఆ ఊరికీ దీనికీ సంబంధం లేదు). ఇంగ్లండు కవితలో అది కొమ్ముల అడవి ఎద్దు. నార్వే కవితలో నాసిరకం ఇనుము నుంచి వచ్చే చిట్టెం. ఐస్‌లాండ్ కవితలో మబ్బుల ఏడుపు, అంటే గడ్డిని పాడుచేసే జల్లు. 24 వరస పుస్తకాలు ఎద్దుని ఉంచుకుని బలం, ఆరోగ్యం అని రాసుకున్నాయి. కౌన్ రూను ఇంకా విడ్డూరం. రెండు నార్స్ కవితల్లోనూ అది పిల్లల ప్రాణం మీదికి తెచ్చే పుండు. ఇంగ్లండులో అదే చోట కేన్, అంటే దివిటీ. పుస్తకాలు దివిటీని ఎంచుకుని జ్ఞానం, సృజన అన్నాయి. పుండెక్కడ, దివిటీ ఎక్కడ? చెడ్డది మంచిదైపోతే జోస్యం మొత్తం తలకిందులవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఉద్యోగం వదిలి సొంత వ్యాపారం పెట్టాలా అని అడిగారు. వరసగా రేయిద్, కౌన్, ఆర్ వచ్చాయి. 24 పుస్తకం ప్రకారం ప్రయాణం, దివిటీ, పంట. "బయల్దేరు, నీ నైపుణ్యం వెలుగుతుంది, ఏడాదిలో ఫలితం చేతికొస్తుంది." అడిగినవాళ్లు సంతోషంగా లేచి వెళ్తారు. అవే మూడూ 16 వరసలో చదవండి. రేయిద్ గురించి ఐస్‌లాండ్ కవిత ఎక్కినవాడికి హాయి, గుర్రానికి చాకిరీ అంటుంది. నార్వే కవిత గుర్రానికి అంతకన్నా కష్టం లేదంటుంది. కాబట్టి ముందు అడగాల్సింది, ఈ వ్యాపారంలో గుర్రం ఎవరు? భార్యా, తండ్రి పింఛనా, తాకట్టు పెట్టబోయే పొలమా? కౌన్ వచ్చింది కనుక దెబ్బ ఇంట్లో చిన్నవాళ్లకి తగిలే చోట వెతకాలి, ఫీజులో మరొకటో. చివర ఆర్, అందరికీ మేలైన ఏడు. పంట రాదని ఈ వరసా అనలేదు, ఎవరి భుజాల మీదుగా వస్తుందో అడిగింది. ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడటానికి దారి దొరికేది ఇలాంటి చోటే.

ఫే కూడా అంతే. 24లో సంపద, శుభం. ధనమూలమిదం జగత్ అని అక్కడితో ఆగిపోతారు. నార్వే కవిత మొదటి పాదమే డబ్బు దాయాదుల మధ్య తగవు పెడుతుందంటుంది, రెండో పాదంలో తోడేలు అడవిలో పెరుగుతుంటుంది. ఆస్తి పంపకాల గురించి అడిగినప్పుడు ఈ రెండు పాదాలు చాలు.

16 వరసకి లోపాలు లేకపోలేదు. మొదటిది కాఠిన్యం. థుర్స్ (రాక్షసుడు), కౌన్ (పుండు), హగల్ (వడగళ్లు), నౌద్ (కరువు), ఈస్ (మంచుగడ్డ) అనే ఐదూ కరుకైనవి, అంటే దాదాపు మూడోవంతు. మూడేసి తీస్తే కనీసం ఒక్క కరుకు రూను వచ్చే అవకాశం సుమారు 70 శాతం. 24లో కౌన్‌ని దివిటీగా లెక్కేస్తే కరుకువి నాలుగే, అవకాశం 44 శాతానికి దిగుతుంది. ఊరట కోసం వచ్చేవాళ్లకి 24 నచ్చడానికి ఇదొక కారణం. రెండోది, ఇల్లు, కానుక, జోడు గుర్రాల్లాంటి బంధం, వీటికి 16లో విడిగా రూన్లు లేవు. పెళ్లి ప్రశ్నలే ఎక్కువగా చూసేవాళ్లకి గెబో (కానుక), ఓథల (ఇల్లు) లేని లోటు బాగా తెలుస్తుంది. ఆ భారమంతా ఫే (సంపద), మాద్ర్ (మనిషి) మోయాలి. మూడోది, 24కి పుస్తకాలు కుప్పలు, 16కి తక్కువ. పద్యాల అనువాదాలు దగ్గర పెట్టుకుని సొంతంగా నోట్సు రాసుకోక తప్పదు.

అయితే 16 త్వరగా వంటబడుతుంది. మూడేసి తీస్తున్నప్పుడు ఒక్కో రూను 16లో ఐదారు సార్లకి ఒకసారి, 24లో ఎనిమిది సార్లకి ఒకసారి కనిపిస్తుంది. నెల రోజుల సాధనలో ఆ తేడా బాగా కనబడుతుంది.

తలకిందుల రూన్ల గురించి అడిగేవాళ్లూ ఎక్కువే. తిరగబడితే అర్థం తిరగబడుతుందన్నది ఆధునికుల అలవాటు, టారో పేకల నుంచి వచ్చింది. 24లో తొమ్మిది రూన్లు ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి, కాబట్టి ఆ సూత్రం పదిహేనింటికే పనిచేస్తుంది. చెడ్డ రూన్లు చాలక వచ్చిన వెలితిని ఈ తలకిందుల అర్థాలతో పూడ్చుకుంటున్నారనిపిస్తుంది. 16లో అసలు కుదరనే కుదరదు. డేనిష్ పద్ధతిలోని పొడవు కొమ్మల రూపాల్లో మాద్ర్‌ని తిప్పితే అదే ఈర్. మనిషి తలకిందులైతే యూ చెట్టు. ఏది తీశారో తెలియాలంటే పుల్ల అడుగున చిన్న గాటు పెట్టుకోవాలి. 16 వరసకే ఉన్న మరో పద్ధతి, పొట్టి కొమ్మల రూపాల జోలికి వెళ్లకపోవడం మంచిది. అక్కడ సోల్ అంటే పైన చిన్న గీత, ఈర్ అంటే కింద చిన్న గీత, అంతే.

16 తర్వాత రెండో స్థానానికి ఆంగ్లో-శాక్సన్ వరస తగినదే. థేమ్స్ నదిలో 1857లో దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కత్తి మీద 28 అక్షరాలు వరసగా ఉన్నాయి. పద్యాలు మిగతా రెండు కవితలకన్నా పొడుగు, బొమ్మ కట్టినట్టుంటాయి. అక్కడ స్వారీ అంటే చావడిలో కూర్చున్న వీరుడికి సులువు, గుర్రమెక్కి మైళ్లు తిరిగేవాడికి కష్టం. ఇంగ్లీషు బాగా చదివేవాళ్లు, 29 పుల్లలు గుర్తుపెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. ఆధారం ఒకే కవిత కాబట్టి సరిచూసుకోవడానికి రెండోది ఉండదు.

ఆస్ట్రియా రచయిత గుయిడో ఫాన్ లిస్ట్ 1902లో కంటి శస్త్రచికిత్స తర్వాత చూపు లేని రోజుల్లో తనకి కనబడ్డాయన్న 18 ఆర్మానెన్ రూన్లు వద్దు. చరిత్రలో అలాంటి వరస లేదు, జాతి ద్వేష రాజకీయాల మరక ఉంది. సంచీలో వచ్చే ఖాళీ రూను 1982లో అమెరికాలో పుట్టింది, తీసి పక్కన పెట్టండి.

ఏ వరస తీసుకున్నా వేసే పద్ధతికి పాత ఆధారం రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి క్రీ.శ. 98లో రాసింది. కాయలు కాసే చెట్టు కొమ్మ నరికి, పుల్లలు చేసి, గుర్తులు పెట్టి, తెల్లటి బట్ట మీద ఎలా పడితే అలా చల్లి, ఆకాశం వైపు చూస్తూ ఒక్కొక్కటిగా మూడు తీయడం. వద్దని వస్తే ఆ రోజు మళ్లీ అదే సంగతి అడగకూడదు. ఆ గుర్తులు రూన్లని ఆయన అనలేదు. మూడింటినీ భూత, వర్తమాన, భవిష్యత్తులుగా చదవమనీ అనలేదు.

16 పుల్లలు ఎవరికి వారు చేసుకోవచ్చు. యూ, బర్చ్ దొరకవని దిగులక్కర్లేదు, జామ కొమ్మ చాలు. దాని చెక్క గట్టిగా ఉంటుంది. బొటనవేలంత లావు కొమ్మని గుండ్రటి బిళ్లలుగా కోయకండి, ఆరేటప్పుడు నడిమి నుంచి అంచుకి పగుళ్లు వస్తాయి. నిలువునా చీల్చి 5 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం పుల్లలు ఇరవై చేయండి, నాలుగు అదనంగా. మూడు నాలుగు వారాలు నీడలో ఆరనిచ్చాక శాండ్ పేపర్ పట్టి, ఆ తర్వాతే చెక్కాలి. రూను నిలువు గీత చెక్క నార సాగే వాటానికి అడ్డంగా రావాలి. నార వెంట గీసిన గీత కనబడదు, పైగా అక్కడే చీలుతుంది. అడ్డగీతలు రూన్లలో లేకపోవడానికి కారణం ఇదేనంటారు. అవిసె నూనెలో కలిపిన జాజు గాట్లలో నింపి, పైన మిగిలింది తుడిచేయండి.

చెక్కేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినేది నౌద్, ఆర్ దగ్గర. రెండూ నిలువు గీతని ఒక ఏటవాలు గీత దాటేవే. నౌద్‌లో అది ఎడమ నుంచి కుడికి దిగుతుంది, ఆర్‌లో ఎక్కుతుంది. వాటం మారితే కరువు పుల్ల పంట పుల్ల అవుతుంది, తిప్పి చూసినా తప్పు బయటపడదు. ఐస్‌లాండ్ సాగా (పాత వీరగాథ) ఒకదానిలో జబ్బుపడ్డ అమ్మాయి పక్కలో ఎవరో తిమింగలపు ఎముక మీద తప్పుగా చెక్కి పెట్టిన రూన్లని కథానాయకుడు ఎగిల్ కనిపెట్టి, గీకి, ఆ ఎముకని నిప్పులో వేస్తాడు. మీరూ తప్పు పుల్లని గీకి మళ్లీ చెక్కకండి. గీకిన పుల్ల పలచబడుతుంది, సంచీలో చెయ్యి పెట్టగానే వేళ్లు దాన్ని గుర్తుపట్టేస్తాయి. పొయ్యిలో వేసి, అదనంగా ఉన్న నాలుగింట్లో ఒకటి తీసుకోండి.