డిస్నీ హోటల్ బఫే బుక్ చేసేముందు: మనవాళ్లు దెబ్బతింటున్న చోట్లు

ఓర్లాండో ట్రిప్ వేసుకుంటున్న తెలుగు కుటుంబాలకి ఈ హెచ్చరిక. ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ పిల్లల్నీ కలుపుకుని ఏడెనిమిది మంది వెళ్తుంటే, అందులో శాకాహారులు కూడా ఉంటే, కార్డు నంబరు ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి.

వాల్ట్ డిస్నీ వరల్డ్ హోటళ్లలో మిక్కీ మౌస్ మన టేబుల్ దగ్గరికే వచ్చే బఫేలకి పేరెక్కువ. కాంటెంపరరీ రిసార్ట్‌లోని షెఫ్ మిక్కీస్ పేరు వినని వాళ్లుండరు. హోటల్ మధ్యలోంచి మోనోరైలు దూసుకెళ్తుంటే దాని కింద కూర్చుని తినడం చూడముచ్చటగానే ఉంటుంది. మిక్కీ, మిన్నీ, డొనాల్డ్, గూఫీ, ప్లూటో ఒకరి తర్వాత ఒకరు వచ్చి పలకరిస్తారు. కానీ తిన్నాక మనవాళ్ల నోట తరచుగా వచ్చే మాట ఒకటుంది: "ఇంత డబ్బు పోసి ఇదా తిన్నది?" ఆ మాట రాకుండా ఉండాలంటే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఏమిటంటే, ఆ ధర తిండికి కాదు. ఐదు క్యారెక్టర్ల కోసం పార్కులో ఐదు క్యూలలో నిలబడకుండా, ఏసీలో కూర్చుని ఫొటోలు దిగే సౌకర్యానికి. మీకు ఆ సౌకర్యం కావాలంటే ధర సబబే. వద్దనుకుంటే మాత్రం అది మామూలు అమెరికన్ బఫే, అంతే.

ముందు లెక్క చూద్దాం. బఫేలోనూ, ఫిక్స్‌డ్ ధర భోజనంలోనూ మూడేళ్లలోపు పిల్లలకి ఉచితం. 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకి పిల్లల ధర. పదేళ్లు నిండితే పెద్దవాళ్ల ధరే. చాలామంది ఇక్కడే పొరపడతారు. పదేళ్ల పిల్లకి రెండు వాఫిల్స్, ఓ గ్లాసు జ్యూస్ చాలు, బిల్లులో మాత్రం ఆమె తాతగారితో సమానం. షెఫ్ మిక్కీస్‌లో పెద్దవాళ్ల డిన్నరు ధర 60 డాలర్లు దాటి ఉంటుంది, తేదీని బట్టి, సీజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి మీ తేదీ ధర మెనూ పేజీలోనే చూసుకోండి. లెక్క కోసం పెద్దలకి 65, పిల్లలకి 40 అనుకుందాం. అమ్మానాన్నలు, అత్తామామలు, మీరిద్దరూ, పదేళ్ల అబ్బాయి, ఆరేళ్ల పాప. అంటే పెద్దల ధరకి ఏడుగురు, పిల్లల ధరకి ఒకరు: 495 డాలర్లు. ఆరెంజ్ కౌంటీలో అమ్మకం పన్ను 6.5 శాతం, అది 32. టిప్ 18 శాతం, అది 89. మొత్తం 616 డాలర్లు. కాఫీ, టీ, సోడాలు ధరలో కలిసే ఉంటాయి. మద్యం కలవదు.

ఇప్పుడు అసలు దెబ్బ. ఆరుగురు, అంతకు మించి ఉన్న బృందాలకి ఆ 18 శాతం టిప్‌ని బిల్లులో వాళ్లే కలిపేస్తారు. దాన్ని గ్రాట్యుటీ అని రాస్తారు. ఆ కింద మళ్లీ టిప్ అని ఒక ఖాళీ గీత ఉంటుంది. పిల్లాడు ఏడుస్తుంటే, నాన్నగారు షటిల్ వెళ్లిపోతోందని తొందర పెడుతుంటే, అలవాటుగా ఆ గీత మీద ఇంకో 20 శాతం రాసి సంతకం పెట్టేస్తారు. పై లెక్కలో అది దాదాపు 99 డాలర్లు, అంటే 616 కాస్తా 715 అవుతుంది. చట్టవిరుద్ధం ఏమీ లేదు, మీరే రాసి ఇచ్చారు. అందుకే సంతకానికి ముందు బిల్లులో గ్రాట్యుటీ అనే మాట ఉందో లేదో వేలు పెట్టి వెతకండి. ఉంటే కింది గీత మీద అడ్డగీత కొట్టి, మొత్తం దగ్గర బిల్లులో ఉన్న అంకెనే మళ్లీ రాయండి. డిస్నీ డైనింగ్ ప్లాన్ కొన్నవాళ్లు కూడా గమనించండి: 2024 జనవరిలో మళ్లీ మొదలైన ఆ ప్లాన్‌లో రెస్టారెంటు టిప్ కలిసి లేదు. "అంతా ముందే కట్టేశాం కదా" అని చేతులూపుకుంటూ వెళ్తే అక్కడ విడిగా ఇవ్వాల్సి వస్తుంది.

రెండో పెద్ద పొరపాటు పేరు చూసి బుక్ చేయడం, పూట చూడకపోవడం. ఒకే రెస్టారెంటులో పొద్దున ఉన్న క్యారెక్టర్లు రాత్రికి ఉండరు. పాలినీషియన్ విలేజ్ రిసార్ట్‌లోని ఓహానాలో టిఫిను పూట లిలో, స్టిచ్, మిక్కీ, ప్లూటో వస్తారు. డిన్నర్‌కి ఎవరూ రారు, అప్పుడది ఊచలకి గుచ్చి కాల్చిన మాంసం వడ్డించే చోటు. రివియెరా రిసార్ట్‌లోని టోపోలినోస్ టెర్రస్ కూడా అంతే, క్యారెక్టర్లు బ్రేక్‌ఫాస్ట్‌కే. బీచ్ క్లబ్‌లోని కేప్ మే కెఫేలో పొద్దున మిన్నీ ఉంటుంది, రాత్రి సీఫుడ్ బఫే మాత్రమే. మిక్కీని చూపిస్తామని పిల్లలకి వారం రోజులు చెప్పి, తీరా రాత్రి పూట వెళ్లి కూర్చుంటే ఆ పసిమొహాలకి జవాబు చెప్పడం కష్టం. బుకింగ్ పేజీలో పూట మార్చి చూడండి, క్యారెక్టర్ డైనింగ్ అని ఆ పూట కింద రాసి ఉంటేనే బుక్ చేయండి.

శాకాహారుల సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎక్కువగా నలిగిపోయేది వాళ్లే. డిస్నీ ఈ విషయంలో మిగతా చాలా చోట్ల కంటే మెరుగు. 2019 నుంచి పూర్తిగా మొక్కల ఆహారానికి మెనూలో ఆకు గుర్తు వేస్తున్నారు, అడిగితే వంటాయన టేబుల్ దగ్గరికి వచ్చి మాట్లాడతాడు. అయితే ఆకు గుర్తు లేని వెజిటేరియన్ అనే మాటని మన అర్థంలో తీసుకోకండి. అమెరికాలో ఆ మాటలో గుడ్డు ఉంటుంది. వాఫిల్స్‌లో, పాన్‌కేకుల్లో, చాలా బ్రెడ్లలో గుడ్డు మామూలే. సూప్ కూరగాయలదే అయినా నీళ్లకి బదులు చికెన్ స్టాక్, అంటే కోడి ఉడికించిన నీళ్లు, పోసి ఉండొచ్చు, అన్నం కూడా అందులోనే ఉడికి ఉండొచ్చు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు వేస్తారు. పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌ అనే పాలు విరిచే పదార్థంతో తయారై ఉండొచ్చు. మూస్, మార్ష్‌మాలో లాంటి తీపి పదార్థాల్లో జెలటిన్ ఉంటే అది పందిదో ఎద్దుదో. ఫ్రెంచ్ ఫ్రైస్ చికెన్ వేయించిన నూనెలోనే వేగి ఉండొచ్చు.

బఫేలో ఇంకో చిక్కు పట్టకార్లు. బేకన్ ట్రే పక్కనే బంగాళదుంప ట్రే, జనం ఒకే పట్టకారుతో రెండూ వేసుకుంటారు. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు అది కళ్లారా చూస్తే ఇక ముద్ద దిగదు, 65 డాలర్లు పెట్టి పుచ్చకాయ ముక్కలు తిని లేస్తారు. దీనికి మార్గం ఉంది, కాకపోతే నోరు తెరిచి అడగాలి. బుకింగ్ చేసేటప్పుడే ఆహార నియమాలు రాయండి. కూర్చోగానే, లైన్‌లోకి వెళ్లకముందే, సర్వర్‌తో షెఫ్‌ని పిలవమని చెప్పండి. ఒట్టి వెజిటేరియన్ అనకుండా మాంసం, చేప, గుడ్డు, మాంసపు స్టాక్, జెలటిన్ వద్దని ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పండి. వంటింట్లోంచి విడిగా ప్లేటు తెప్పించమని అడగండి. దీనికి అదనంగా డబ్బు తీసుకోరు, కొంచెం టైం పడుతుంది, అంతే. అడగడానికి మొహమాటపడకండి, ఆ ధరలో ఈ సేవ కూడా ఉంది.

బుకింగ్ దగ్గరికొస్తే, రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. డిస్నీ హోటల్లోనే దిగేవాళ్లకి చెకిన్ రోజు నుంచి 60 రోజులు లెక్కపెట్టి, పది రోజుల వరకు మొత్తం బస అంతా ఒకేసారి బుక్ చేసుకునే వీలుంది. దగ్గర్లోని కిస్సిమీలోనో డావెన్‌పోర్ట్‌లోనో ఇల్లు అద్దెకి తీసుకునేవాళ్లకి ఆ వీలు లేదు, ఒక్కో రోజు భోజనాన్ని దానికి 60 రోజుల ముందు విడివిడిగా బుక్ చేసుకోవాలి. అందుకే థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో ఎనిమిది మందికి టేబుల్ దొరకడం గగనం. ఆన్‌లైన్లో తెల్లవారుజామున ఈస్టర్న్ టైం ఆరింటి ప్రాంతంలో తెరుస్తారు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి అది మూడు గంటలు. హైదరాబాద్ నుంచి ఎవరైనా మీ కోసం ప్రయత్నిస్తే వాళ్లకి ఎండాకాలంలో మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. ఎనిమిదికి దొరక్కపోతే పక్కపక్క టైములకి నాలుగూ నాలుగూ వెతకండి, దగ్గర దగ్గరగా కూర్చోబెట్టమని అక్కడ అడగొచ్చు గానీ హామీ ఉండదు. ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈ టేబుల్ రిజర్వేషన్‌కి డిస్నీ విడిగా రుసుము తీసుకోదు. వాట్సాప్ గ్రూపుల్లో "మా దగ్గర స్లాట్ ఉంది, 50 డాలర్లు పంపండి" అనేవాళ్లకి పైసా పంపకండి. వేరేవాళ్ల అకౌంట్‌లో వాళ్ల పేరు మీద ఉన్న బుకింగ్ వాళ్లు ఏ క్షణమైనా రద్దు చేసుకోగలరు, అక్కడి హోస్ట్ దగ్గర మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

బుక్ చేసి వెళ్లకపోతే చాలా రెస్టారెంట్లలో మనిషికి 10 డాలర్లు కార్డు మీద పడుతుంది. ఎనిమిది మందికి 80. చాలా చోట్ల రెండు గంటల ముందు వరకు యాప్‌లో రద్దు చేసుకోవచ్చు. డిన్నర్ షోల్లాంటివి ముందే మొత్తం డబ్బు కట్టించుకుంటాయి, వాటి గడువు వేరు, కన్ఫర్మేషన్ మెయిల్‌లో చదవండి. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం ఉరుములతో వాన మామూలే, మెరుపులుంటే స్కైలైనర్ అనే రోప్‌వే ఆపేస్తారు. రివియెరాకి స్కైలైనర్‌లో వెళ్దామనుకున్నవాళ్లు ఆ పూట బస్సుకి సరిపడా టైం చేతిలో పెట్టుకోవాలి.

దారి గురించి ఇంకొంచెం. హోటల్ రెస్టారెంటుకి పార్కు టికెట్ అక్కర్లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు లోపల ఉన్న బీ అవర్ గెస్ట్, సిండరెల్లాస్ రాయల్ టేబుల్ అనే రెస్టారెంట్లకి మాత్రం ఆ రోజు టికెట్ ఉండి తీరాలి, అది మనిషికి 100 డాలర్లకి పైనే. కారులో కాంటెంపరరీకి వెళ్తే గేటు దగ్గర రిజర్వేషన్ చూపించమంటారు, దాన్ని పార్కింగ్‌కి వాడుకుని మ్యాజిక్ కింగ్‌డమ్‌కి నడిచి వెళ్లిపోయే వాళ్లుంటారు కాబట్టి. పార్కులోంచే వస్తే మోనోరైలు కోసం ఆగకండి, నడిస్తే పది నిమిషాలు. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు సాధారణంగా ఉండదు, మధ్యలో ఏదో పార్కు దగ్గర మారాలి, గంట పైన పట్టొచ్చు.

అయితే ఎవరు వెళ్లాలి? రెండేళ్ల పాపతో వెళ్లే జంటకి ఇది మంచి బేరం, పాపకి ఉచితం, క్యూ బాధ లేదు. నాలుగైదేళ్ల పిల్లలున్నవాళ్లు డిన్నర్ మానేసి బ్రేక్‌ఫాస్ట్‌కి వెళ్లండి: ధర తక్కువ, శాకాహారులకి తినడానికి ఎక్కువ దొరుకుతుంది. ఆ పూట చిట్టచివరి స్లాట్ తీసుకుంటే మధ్యాహ్న భోజనం ఖర్చు కూడా తప్పుతుంది. క్యారెక్టర్లందరూ ఓ చుట్టు తిరగడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఎవరైనా మీ టేబుల్ తప్పిపోతే లేచి రాకుండా సర్వర్‌కి చెప్పండి.

పదేళ్లు దాటిన పిల్లలు, శాకాహార పెద్దలు ఎక్కువగా ఉన్న కుటుంబం మాత్రం షెఫ్ మిక్కీస్ డిన్నర్ వదిలేయడమే మేలు. పార్కు టికెట్ ఉన్న రోజు మిక్కీని మ్యాజిక్ కింగ్‌డమ్ మెయిన్ స్ట్రీట్ మొదట్లోని టౌన్ స్క్వేర్ థియేటర్‌లో విడిగా డబ్బు కట్టకుండానే కలవొచ్చు. తిండి కోసమైతే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లోని సనా రెస్టారెంటు చూడండి. అక్కడి బ్రెడ్ సర్వీస్‌లో నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరోటా లాంటివి ఐదు రకాలు, వాటికి తోడు తొమ్మిది నంజుళ్లు: రైతా, కొత్తిమీర చట్నీ, చింతపండు చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఘాటైన నిమ్మ ఊరగాయ వగైరా. ఒక మనిషి బఫే ధరలో సగం కూడా కాదు, ఇద్దరికి బాగా సరిపోతుంది. నాలుగు రోజులుగా పిజ్జాలతో విసిగిన పెద్దవాళ్లకి ఆ ఊరగాయ ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కిటికీ బయట జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. చీకటి పడితే అవి కనపడవు, డిసెంబర్లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి మధ్యాహ్నానికే బుక్ చేయండి. సనా ఉన్నది కిడానీ విలేజ్ భవనంలో, బోమా బఫే ఉన్న జాంబో హౌస్‌లో కాదు. బస్సు రెండు చోట్లా ఆగుతుంది, జాంబోలో దిగిపోతే ముసలివాళ్లతో అక్కడి నుంచి నడవాలి. బోమాకే వెళ్తే ఒక్క జాగ్రత్త: అందరూ తినమని చెప్పే జీబ్రా డోమ్ అనే చాక్లెట్ తీపిలో అమరూలా మద్యం ఉండొచ్చు, పిల్లల ప్లేటులో వేసేముందు గుర్తుంచుకోండి.

ఇప్పటికే డిన్నర్ బుక్ చేసేసి ఇది చదువుతుంటే కంగారు పడనక్కర్లేదు. యాప్‌లో మీ రిజర్వేషన్ తెరిచి పూట, ధర, పదేళ్లు నిండిన పిల్లల లెక్క సరిచూసుకోండి. మార్చాలనిపిస్తే ముందు బ్రేక్‌ఫాస్ట్ స్లాటో సనా స్లాటో చేతికి వచ్చాకే పాతది రద్దు చేయండి.