పాత డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీ వైఫై అడాప్టర్: నాలుగేళ్ల వాడకం తరువాత

2010లో కొన్న డెస్క్‌టాప్‌ను నేను ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. రాతపనికీ, ఈమెయిళ్లకూ, వీడియో సమావేశాలకూ దాని శక్తి సరిపోతుంది గాని, నెట్ విషయంలో మాత్రం అది నన్ను చాలాకాలం వేధించింది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాలను మాత్రమే అందుకునే పాత యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌ను తీసేసి, 5 గిగాహెర్ట్జ్‌లో 802.11ఏసీ అనే వైఫై ప్రమాణంతో కూడా పనిచేసే డ్యూయల్ బ్యాండ్ (రెండు తరంగ శ్రేణుల) అడాప్టర్‌ను పెట్టి నాలుగేళ్లు దాటింది. ఈ సమీక్ష దాని గురించే. అయితే అది నిజంగా తీర్చిన సమస్య ఒకటే అనీ, దానికి సంబంధం లేని మరో రెండు సమస్యలకు నేను దాన్నే నిందించాననీ ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పట్లో నా కనెక్షన్ 200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఫోనులో 180 వరకు వచ్చే వేగం డెస్క్‌టాప్‌లో 20 దాటేది కాదు. నెట్ ఇచ్చే సంస్థకు ఫిర్యాదు చేస్తే మనిషి వచ్చి, రౌటర్ దగ్గర పరీక్షించి, లైను బాగానే ఉందని చెప్పి వెళ్లాడు. అతని మాటలో తప్పేమీ లేదని తరువాత తెలిసింది. వైఫై స్టేటస్ విండోలో లింక్ వేగం, అంటే అడాప్టర్‌కూ రౌటర్‌కూ మధ్య కుదిరిన వేగం, ఎప్పుడు చూసినా సరిగ్గా 54 ఎంబీపీఎస్ అనే కనిపించేది. 54 అనేది 2003లో వచ్చిన 802.11జీ ప్రమాణపు గరిష్ఠ పరిమితి. నా పాత అడాప్టర్ దాని తరువాతి తరమైన 802.11ఎన్‌కు చెందినదే అయినా, ఎన్‌క్రిప్షన్ (వైఫై సమాచారాన్ని ఇతరులు చదవకుండా సంకేతాలుగా మార్చడం) టీకేఐపీ అనే పాత పద్ధతిలో ఉంటే ఆ ప్రమాణపు వేగాలు అందవు. రౌటర్‌లో టీకేఐపీ, దానికన్నా కొత్తదైన ఏఈఎస్ రెండూ కలిపి ఉంచిన సెట్టింగు ఉంది, కంప్యూటరులో ఎప్పుడో దాచుకున్న ఆ నెట్‌వర్క్ ప్రొఫైల్ (కనెక్షన్ వివరాలు) పాత పద్ధతినే పట్టుకుని కూర్చుంది. రౌటర్‌ను ఏఈఎస్‌కు మాత్రమే పరిమితం చేసి, ఆ ప్రొఫైల్‌ను తొలగించి మళ్లీ కలిపేసరికి లింక్ 72కు, వాస్తవ వేగం 40కి చేరింది. మీ తెరమీద కూడా 54 దగ్గరే అంకె ఆగిపోతుంటే, కొత్త పరికరం కొనేముందు రౌటర్ సెట్టింగులను ఒకసారి తెరిచి చూడండి. నేను ఆ తరువాత కూడా కొనడానికి కారణం వేరు: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు సాధారణంగా 1, 6, 11 అనే మూడే, చుట్టుపక్కల నెట్‌వర్కులన్నీ సాయంత్రమయ్యేసరికి ఆ మూడింటిమీదే పోటీపడేవి.

కొత్త అడాప్టర్ లింక్ వేగం 433 ఎంబీపీఎస్ అని పెట్టెమీద రాసి ఉంటుంది. దాన్ని క్యాబినెట్ వెనుక పోర్టుకు గుచ్చి, గొప్ప ఆశతో పరీక్షిస్తే 60 వచ్చింది. కారణం కళ్లెదుటే ఉంది: వెనుక గోడ, ముందు ఇనుప క్యాబినెట్, మధ్యలో బొటనవేలంత అడాప్టర్. పెట్టెలో వచ్చిన మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ను నేను అప్పటికే పారేసే సామానులో కలిపేశాను. దాన్ని వెతికి తెచ్చి, అడాప్టర్‌ను బల్లమీద రౌటర్‌కు ఎదురుగా నిలబెడితే 150 దాటింది. నా పోర్టులన్నీ యూఎస్‌బీ 2.0వే అయినా, వాటి పరిమితి కాగితంమీద 480 ఎంబీపీఎస్ కాబట్టి ఈ స్థాయి వేగానికి అవి అడ్డు కాలేదు. విచిత్రమేమిటంటే, ఈ కంప్యూటరులోని కేబుల్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది కావడం వల్ల రౌటర్‌కు నేరుగా తీగ కలిపినా 94 దగ్గరే ఆగుతుంది. వేగంలో వైఫైదే పైచేయి అయినా, రౌటర్‌కు పింగ్ చేస్తే, అంటే చిన్న సందేశం పంపి జవాబు వచ్చే సమయం కొలిస్తే, తీగమీద ఎప్పుడూ 1 మిల్లీసెకనులోపే, వైఫైలో 3 నుంచి 40 వరకు ఊగుతూ ఉంటుంది. అందుకే ముఖ్యమైన సమావేశాలకు ఇప్పటికీ తీగనే కలుపుతాను.

మొదటి నెలలో నన్ను బాగా విసిగించింది మధ్యలో తెగిపోవడం. కాసేపు కంప్యూటరును వదిలి వచ్చి కూర్చుంటే కనెక్షన్ ఉండేది కాదు, అడాప్టర్‌ను పీకి మళ్లీ గుచ్చాల్సి వచ్చేది. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిచి, విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపివేయవచ్చనే గడిలోని టిక్కు తీసేసి, పవర్ ఆప్షన్లలో వాడని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా నిలిపివేశాక ఆ బాధ తీరింది. విండోస్ పెద్ద అప్‌డేట్ తరువాత ఆ టిక్కు తిరిగి ప్రత్యక్షమవడం నేను రెండుసార్లు చూశాను.

ఇక అడాప్టర్‌ను అన్యాయంగా నిందించిన సందర్భాలు. ఒకరోజు ఉదయం ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక వచ్చింది. అడాప్టర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేశాను, రౌటర్‌ను ఆపి మళ్లీ పెట్టాను, ఫలితం శూన్యం. గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8కు పింగ్ చేస్తే మాత్రం జవాబు చక్కగా వస్తోంది, అంటే నెట్ ఉన్నట్టే. చివరికి తెర మూలన గడియారం చూస్తే తేదీ 2010 జనవరి 1. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపించే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, అందుకే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోతోంది. కంప్యూటరు లెక్కలో సైట్ల సర్టిఫికెట్ల (సైటు అసలైనదని చూపే డిజిటల్ ధ్రువపత్రాల) గడువు ఇంకా మొదలే కాలేదు మరి. బ్యాటరీ మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది, ఆ సంగతి గ్రహించడానికి పూట గడిచింది. రెండోసారి వేగం 70కి పడిపోతే మళ్లీ అడాప్టర్‌నే అనుమానించాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 100 శాతం దగ్గర ఉంది, వెనుక యాంటీవైరస్ స్కాన్ నడుస్తోంది. అది ముగిశాక వేగం తనంతట తానే తిరిగి వచ్చింది.

అడాప్టర్‌లో నాకు నిజంగా కనిపించిన లోపం ఒక్కటే. నిరుడు రౌటర్ మార్చినప్పుడు అందులో భద్రత డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతికి మాత్రమే పెట్టి ఉంది. ఫోన్లన్నీ వెంటనే కలిసినా, తయారీదారు డ్రైవర్లు ఇవ్వడం ఆపేసిన ఈ అడాప్టర్ మాత్రం కలవలేదు. రౌటర్‌ను పాతదైన డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన పద్ధతికి మార్చాకే అది మళ్లీ పనిచేసింది, ఇప్పుడు అలాగే నడుస్తోంది. ఇలాంటిది కొనేవారు పెట్టెమీది వేగం అంకెకన్నా, అందులోని చిప్‌కు చివరి డ్రైవర్ ఏ సంవత్సరంలో వచ్చిందో ముందు చూడటం మంచిది.