భాకరాపేట ఘాట్ ఎక్కి, మొగిలి ఘాట్ దిగి: మూడు హాట్ హ్యాచ్‌లతో హార్స్‌లీ యాత్ర

తిరుపతిలో హాట్ హ్యాచ్, అంటే బలమైన ఇంజను పెట్టిన చిన్న కారు, కొనాలని చూసేవాళ్లు షోరూమ్ టెస్ట్ డ్రైవ్‌ని నమ్ముకుని అడ్వాన్స్ కట్టేయకండి. రేణిగుంట రోడ్డులో అటు పోయి ఇటొస్తే పికప్ తెలుస్తుంది, ఏసీ చల్లదనం తెలుస్తుంది, అంతే. మామూలు మోడల్ కంటే ఇలాంటి కార్లకు ఎక్కువ డబ్బు పోసేది మలుపుల కోసం. మన ఊరి చుట్టూ ఉన్నవన్నీ మలుపులే. అందుకే మా బంధువర్గంలో ఉన్న మూడు కార్లూ తీసుకుని చంద్రగిరి, భాకరాపేట, పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కి పోయి, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరిగొచ్చాం. దారి పొడవునా కార్లు మార్చుకుంటూ అందరం అన్నీ నడిపాం.

నాది టాటా ఆల్ట్రోజ్ రేసర్, ఆర్3 వేరియంట్. మా బామ్మర్దిది హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, ఎన్8 వేరియంట్, తనంతట తనే గేర్లు మార్చుకునే డీసీటీ గేర్‌బాక్స్. మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న వరస, ఇప్పటికీ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ నడుపుతున్నాడు. పోలో తయారీ మన దేశంలో 2022లోనే ఆగిపోయింది, అయినా ఆయన దాన్ని అమ్మడు. కాగితం మీద మూడూ దగ్గర దగ్గరే. రేసర్‌ది 1.2 లీటర్ల టర్బో ఇంజను, 120 పీఎస్ బలం, 170 న్యూటన్ మీటర్ల లాగుడు. ఎన్ లైన్‌ది 1.0 లీటర్ టర్బో, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. అన్న పోలోలో ఉన్నది నాలుగు సిలిండర్ల పాత 1.2 ఇంజను, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు. ఈ అంకెలు చూసి ఎవరూ నిర్ణయానికి రావద్దు. ఘాట్ ఎక్కాక మూడూ మూడు రకాల కార్లు.

తిరుమల ఘాట్‌ని ఈ లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోకూడదు కూడా. అక్కడ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పడితే తప్పు కింద లెక్క. ఆ నిబంధన నాకు పూర్తిగా ఇష్టం. అది భక్తులు పోయే దారి, అక్కడ కారు సత్తా చూపించే పని లేదు. భాకరాపేట ఘాట్‌లోనూ దూకుడు పనికిరాదు. ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయల్దేరిన బస్సు 2022 మార్చిలో లోయలో పడింది అక్కడే. మేం తెల్లారాక బయల్దేరి, లారీల వెనకాల ఓపిగ్గా పోయాం. డ్రైవింగ్ ఫీల్ తెలియడానికి వంద స్పీడు అక్కర్లేదు. నలభై, యాభైలో, రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య కారు ఏం చేస్తుందో చూస్తే చాలు.

ఎన్ లైన్‌లో స్టీరింగ్ బరువుగా ఉంటుంది. సాధారణ ఐ20 నడిపినవాళ్లకు మొదటి మలుపులోనే తేడా చేతికి తగులుతుంది. సస్పెన్షన్ కూడా దానికంటే గట్టిది కాబట్టి మలుపులో ఒరగకుండా గీత గీసినట్టు తిరుగుతుంది. స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్ నొక్కి గేరు దించితే ఎగ్జాస్ట్ మోత మారడం వినడానికే బాగుంటుంది. కాకపోతే డీసీటీ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అందులో ఉన్నది డ్రై క్లచ్, చల్లబరచడానికి నూనె ఉండదు. ఎక్కుడులో బస్సు తోకకు అంటుకుని అంగుళం అంగుళం జరిగితే క్లచ్ వేడెక్కుతుంది. ముందు బండికి కాస్త ఖాళీ వదిలి, ఆ ఖాళీ వచ్చాకే ఒక్కసారి కదలాలి. పోలోలో ఉండే డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కీ ఇదే సూత్రం.

రేసర్‌లో ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే, ఆటోమేటిక్ లేదు. నాకు కావలసింది అదే. ఘాట్‌లో ఏ గేరులో ఉండాలో నా కాలూ చెయ్యీ నిర్ణయించాలి, కంప్యూటర్ కాదు. రెండువేల ఆర్‌పీఎమ్ పైన ఉంచితే లాగుడు అదిరిపోతుంది. దానికింద పడనిస్తే మాత్రం ఏ చిన్న టర్బోకైనా ఊపిరి అందడానికి క్షణం పడుతుంది. స్టీరింగ్ ఎన్ లైన్ కంటే తేలిక, గుంతల మీద కుదుపు తక్కువ. పీలేరు దాటాక నాలుగు లైన్ల రోడ్డు మీద అత్తమ్మ కూర్చోడానికి ఒప్పుకున్నది నా కారులోనే. వెనక తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకోవడం కూడా ఆమెకు నచ్చింది.

పోలో సంగతి వేరు. బలంలో అన్నిటికంటే చిన్నది. కానీ నాలుగు సిలిండర్ల నున్నదనం, తలుపు వేస్తే వచ్చే ఆ గట్టి చప్పుడు, సీటులో కిందికి కూర్చున్నట్టు ఉండే ఆ అమరిక ఇప్పటి కార్లలో నాకు కనపడలేదు.

ఇక అసలు విషయానికొస్తే, డ్యాష్‌బోర్డు అంటే మనవాళ్లు స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడుగుతారు. రేసర్‌లోనూ ఎన్8లోనూ 10.25 అంగుళాలు. ఆ పెద్ద స్క్రీన్ మదనపల్లె ట్రాఫిక్‌లో మ్యాప్ చూడ్డానికి బ్రహ్మాండం. ఘాట్‌లో దానితో పనేముంది? హార్స్‌లీ కొండకు తిరిగాక చలికాలపు పొద్దున మంచు దిగింది. లోపల నలుగురి ఊపిరితో ముందద్దం మసకబారింది. మలుపు మధ్యలో ఉన్నాను, ఎదురుగా జీపు లైట్లు. చూపు రోడ్డు మీదే ఉంచి ఎడమ చెయ్యి చాపి, వేలితో తడుముకుంటూ అద్దం మసక పోగొట్టే డీఫాగర్ బటన్ పట్టుకున్నాను. గాలి అద్దం మీదికి కొట్టింది, కిందనుంచి పైకి తెర లేచినట్టు రోడ్డు కనపడింది. మూడు కార్లలోనూ ఏసీకి చేతికి తగిలే బటన్లు, నాబ్‌లు ఉన్నాయి కాబట్టి ముగ్గురం బతికిపోయాం. పోలో నాబ్‌లైతే గుండ్రంగా, తిప్పితే టక్కుమనేలా ఉంటాయి, గ్లౌజు వేసుకున్నా పట్టు దొరుకుతుంది. అదే పని టచ్ స్క్రీన్‌లో మెనూ తెరిచి వెతుక్కోవలసి వస్తే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇది పాతకాలపోళ్ల చాదస్తం కాదు. 2025లో మన దేశానికొచ్చిన గోల్ఫ్ జీటీఐ, హాట్ హ్యాచ్‌లకు పెద్దన్న లాంటిది, 265 పీఎస్, ధర యాభై లక్షల పైమాట. ఇదే తరం కారు మొదట వచ్చినప్పుడు దాని స్టీరింగ్ మీద టచ్ బటన్లు పెట్టి, ఇప్పుడు మళ్లీ నొక్కే బటన్లకే తిరిగొచ్చారు. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్ లాంటివాటికి విడి బటన్లు, మీటలు ఉన్న కార్లకే ఎక్కువ మార్కులంటోంది. డ్యాష్‌బోర్డు డ్రైవింగ్‌లో భాగం, అలంకారం కాదు.

అలంకారం మాటకొస్తే నా ఓటు ఎన్ లైన్‌కే. నలుపు మీద ఎర్ర దారం కుట్లు, మూడు పలకల స్టీరింగ్ మీద ఎన్ గుర్తు, అతి లేదు. రేసర్‌లో నారింజ రంగు కాస్త గట్టిగా పలుకుతుంది. కుర్రాళ్లకు నచ్చుతుంది, మా ఆవిడకు నచ్చలేదు. రాత్రిపూట మాత్రం రెండింట్లోనూ స్క్రీన్ వెలుగు బాగా తగ్గించుకోండి. లైట్లు లేని ఘాట్‌లో ఆ వెలుగు ముందద్దంలో పడి మలుపు అంచును మింగేస్తుంది. పోలోలో ముళ్లున్న మీటర్లు, వాటికి ఆ బాధ లేదు.

బస గురించి. కొండ మీద టూరిజం వాళ్ల హరిత రిసార్ట్‌లో దిగాం. పొద్దున్నే నడుచుకుంటూ గాలిబండ దగ్గరికి పోవచ్చు, కార్లు కళ్లెదుటే ఉంటాయి, యూకలిప్టస్ వాసనతో నిద్ర లేస్తాం. వారాంతాల్లో ముందే బుక్ చేసుకోవాలి. తిరుగు ప్రయాణంలో కింద ఒక ప్రైవేటు లాడ్జిలో ఆగాం. గది పెద్దది, టీవీ పెద్దది, కానీ పార్కింగ్‌కి దిగే ర్యాంపు ఎంత నిటారుగా ఉందంటే ఎన్ లైన్ ముందు బంపర్ అడుగు గీరుకుంది. వాచ్‌మన్ "మెల్లిగా రా సామీ, అందరివీ తగుల్తాయి" అన్నాడు. అందరివీ తగులుతాయని తెలిసీ దాన్ని సరిచేయని యాజమాన్యం మీద నాకు కోపమే వచ్చింది. కింద ఎత్తు తక్కువున్న కారైతే గది చూడకముందు ర్యాంపు చూడండి. అద్దె వేయి తగ్గిందని మురిసిపోతే బంపర్‌కి అంతకు అంత అవుతుంది.

తిండికి లోటు లేదు. మదనపల్లె దగ్గర రోడ్డు పక్క హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిగ్గింజల ఊరుబిండి. ఆకు తుడిచేశాం.

పుంగనూరు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల తేడా తెలిసింది. ఎన్ లైన్‌కి నాలుగు చక్రాలకూ డిస్కులు. రేసర్‌కి వెనక డ్రమ్ములు. దిగుడులో బామ్మర్ది కారు పెడల్ మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంది. నాది నడిపేటప్పుడు నేను గేరు దించి ఇంజన్ బ్రేకింగ్ మీద ఎక్కువ ఆధారపడ్డాను. మాన్యువల్ కావడంతో అది హాయిగానే సాగింది. "బావా, నీ గేర్‌బాక్స్, నా బ్రేకులు ఒకే కారులో పెడితే ఎట్లుంటాది?" అన్నాడు వాడు బంగారుపాళ్యంలో టీ తాగుతూ.

అలాంటి కారు ఉంది. 2023 సెప్టెంబరులో మార్పులు చేసినప్పుడు ఎన్ లైన్‌కి క్లచ్ పెడల్‌తో ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చారు. అంతకుముందున్నది క్లచ్ పెడల్ లేని ఐఎమ్‌టీ. పైగా ఎన్8కే పోనక్కర్లేదు. దానికంటే కింది వేరియంట్ ఎన్6లో స్క్రీన్ ఎనిమిది అంగుళాలు, బోస్ స్పీకర్లు ఉండవు, కానీ ఇంజను, సస్పెన్షన్, నాలుగు డిస్కులు అవే. చిత్తూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఎన్6 మాన్యువల్ వెతుకుతున్నాం. రంగు ఏదైనా ఫర్వాలేదంటున్నాడు, చక్రాలు మాత్రం కంపెనీవే ఉండాలట.