మా పక్క రైతు బజారుకి నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే

నెల్లూరులో మాకు దగ్గర్లో ఉన్న రైతు బజారు గురించి రాస్తున్నా. పదేళ్లు దాటింది మేం అక్కడ కొనబట్టి. మధ్యలో ఒక ఆరు నెలలు ఫోన్‌లో నొక్కితే ఇంటికి తెచ్చే యాప్‌కి మరిగాం, మూడోసారి కూడా సంచిలో అడుగు టమాటాలు మెత్తబడి వచ్చేసరికి మా ఆవిడ నాకు చెప్పకుండానే ఆ యాప్ తీసేసింది.

ముందు ఆకుకూరల సంగతి, ఎందుకంటే అక్కడికి వెళ్లాల్సింది వాటికోసమే. పొద్దున ఆరింటికల్లా వెళ్తే గోంగూర వేళ్లకి మట్టి ఇంకా తడిగా ఉంటుంది. చుక్కకూర, తోటకూర, పొన్నగంటి ఉంటాయి, ఒక్కోరోజు మునగాకు కూడా. అమ్మేవాళ్లు ఇందుకూరుపేట వైపు నుంచి తెల్లారకముందే ఆటోలో మూటలేసుకుని వచ్చినవాళ్లు. ధర బోర్డు మీద రాసుంటుంది, హోల్‌సేల్ కంటే కొంచెం ఎక్కువ, బయట బండి మీద కంటే తక్కువ. మధ్యలో దళారీ లేకుండా రైతుకీ మనకీ ఇద్దరికీ గిట్టాలని 1999 జనవరిలో రాష్ట్రంలో ఈ బజార్లు మొదలుపెట్టారు, ఆకుకూరల వరుసలో ఆ మాట ఇప్పటికీ నిజమే.

మిగతా వరుసల్లో అంత నిజం కాదు. ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు, క్యారెట్, బీన్స్ ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చినవే, దానికి ఎవర్నీ తప్పుపట్టలేం, ఇక్కడ పండవు. కానీ వంకాయ, బెండకాయ కూడా హోల్‌సేల్‌లో కొనుక్కొచ్చి బజారులో అమ్ముకోవడానికి రైతుకిచ్చే గుర్తింపు కార్డు పక్కన పెట్టుకుని అమ్మేవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. "మీ తోట యాడన్నా?" అని అడిగి చూడండి. నిజం రైతయితే ఊరు, కాలవ, బోరు లోతు అన్నీ చెప్పిగాని వదలడు.

లారీల మీద ఎంత ఆధారపడ్డామో నాకు తెలిసింది 2021 నవంబర్‌లో. పెన్నాకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, దామరమడుగు దగ్గర హైవే తెగింది. అప్పటికే వానలకి మదనపల్లె వైపు తోటలు దెబ్బతిని టమాటా కిలో వంద దాటింది. ఆ వారం బజారుకి వెళ్తే సగం అరుగులు ఖాళీ. తడిసి ముద్దయిన గోంగూర, నాలుగు సొరకాయలు, కాసిన్ని దొండకాయలు పెట్టుకుని కూర్చున్నది ఊరి చుట్టుపక్కల వాళ్లే. మళ్లీ 2023లో టమాటా ధర మండినప్పుడు ప్రభుత్వం రైతు బజార్లలో కిలో యాభైకి ఇప్పించింది. క్యూలో గంట నిలబడ్డా, తిట్టుకుంటూనే, కానీ దొరికింది.

బియ్యానికి మనకి దిగులు లేదు. మొలగొలుకుల బియ్యానికి పేరున్న ఊరు, ధాన్యం పుట్టి అనే పెద్ద కొలత లెక్కన అమ్ముకునే జిల్లా. కూరగాయల దగ్గరే తేలిపోతాం. ఊరు పెరిగేకొద్దీ తినే నోళ్లు పెరుగుతాయి, పండించే నేల మాత్రం ముందు ఊరి అంచునే పోతుంది, ఒక పక్క లేఅవుట్లు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఊరి ప్లాను గీసేవాళ్లు ఎనభై అడుగుల రోడ్డుకి చోటు వదిలినట్టు ఊరి చుట్టూ కొంత కూరగాయల నేలని కూడా కదపకూడదని గీత గీస్తే బాగుండు. మా అపార్ట్‌మెంట్ కట్టింది కూడా వరి మడిలోనే, కాబట్టి నేను ఎక్కువ మాట్లాడకూడదు. నేను గోంగూర కొనే పెద్దమ్మ పోయిన నెల అంది: "స్థలాలోళ్లు వచ్చి అడగతా ఉండారు నాయనా, మావోడేమో ఇచ్చేద్దామంటన్నాడు." ఎకరంన్నర. ఏం చెప్పాలో తెలీక ఇంకో రెండు కట్టలు తీసుకున్నా.

ఇక స్టారు కోసిన కారణాలు. సరుకు దాచుకోవడానికి చల్లటి గది లేదు, పదకొండు దాటితే ఆకుకూరలు వాడిపోతాయి, మిగిలినవి గేదెలకి పోతాయి. తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన ఆడవాళ్లకి పనికొచ్చే మరుగుదొడ్డి లేదు, ఇది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం. బైకు పెట్టడం ఒక టెన్షన్. పైగా హైవే అవతల కొత్త కాలనీల వాళ్లకి ఇలాంటిది దగ్గర్లో ఒక్కటీ లేదు, బండివాడు చెప్పిందే రేటు. మా తమ్ముడు అక్కడే ఉంటాడు, ఆదివారం ఆరు కిలోమీటర్లు వచ్చి మాతోపాటు వారానికి సరిపడా కొనుక్కుపోతాడు.

వెళ్లేవాళ్లు ఏడులోపు వెళ్లండి, గుడ్డసంచి, పది రూపాయల చిల్లర తీసుకెళ్లండి. క్యూఆర్ కోడ్ చాలామంది దగ్గర ఉంది కానీ పెద్దమ్మ దగ్గర లేదు. ఆమె గేటు నుంచి రెండో వరుస, చివర్లో కూర్చుంటుంది.