బర్త్ బాల్: ఏళ్ల తరబడి వాడాక తేలింది

కాన్పుకి సిద్ధం చేసే తరగతి ఏదైనా మూలన ఒక పెద్ద గాలిబంతి ఉంటుంది, అదే బర్త్ బాల్. తరగతుల్లోనూ నొప్పుల గదిలోనూ చాలాకాలం వాడి చూశాక మా మాట ఇది: వస్తువు మంచిదే. కానీ చాలామంది తప్పు సైజు కొంటారు, గాలి చాలీచాలకుండా కొడతారు. పైగా నొప్పుల్లో బాగా పనికొచ్చే భంగిమ వదిలేసి, దాని మీద కూర్చుని ఊగడంతోనే సరిపెడతారు.

ముందు సైజు సంగతి. అట్టపెట్టె మీద 65 (బంతి అడ్డకొలత, సెంటీమీటర్లలో) అని ఉంటే అందరికీ సరిపోతుందనుకోవద్దు. ఎత్తు 160 సెంటీమీటర్ల లోపు ఉంటే 55, అక్కడి నుంచి 175 దాకా 65, ఆపైన 75 అనేది మామూలు లెక్క. ఇది మొదలుపెట్టడానికే. అసలు పరీక్ష కూర్చుని చూడటం: పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, తుంటి మోకాళ్ల కన్నా కాస్త పైన ఉండాలి. మోకాళ్లు పైకి లేచాయంటే కటి వెనక్కి ఒరిగిపోతుంది, నడుము గుండ్రంగా వంగుతుంది, పావుగంటలోనే వెన్ను లాగుతుంది. రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే పెద్దదే తీసుకోండి. ఎక్కువైతే కొంచెం గాలి తీయొచ్చు గానీ చిన్నదాన్ని కొలత దాటి ఉబ్బించకూడదు.

గాలి ఎంత ఉందో చేత్తో నొక్కి చెప్పడం కుదరదు, కొలవాల్సిందే. గోడ మీద నేల నుంచి బంతి సైజంత ఎత్తులో, 65 బంతి అయితే 65 సెంటీమీటర్ల దగ్గర, పెన్సిలు గీత పెట్టి, బంతిని గోడకి ఆనించి, దాని నెత్తిన ఒక అట్టపుస్తకం సమంగా పెట్టండి. పుస్తకం అంచు గీతకి తగిలితే చాలు. ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. మొదటిసారి సుమారు 80 శాతం దాకా కొట్టి ఒకరోజు వదిలేయాలి. బంతి చేసిన పీవీసీ ప్లాస్టిక్ సాగుతుంది, మర్నాడు చూస్తే బంతి మెత్తబడి ఉంటుంది. అప్పుడు మిగతాది నింపాలి. తర్వాత కూడా రెండు మూడు వారాలకోసారి గీత దగ్గర పెట్టి చూడటం మంచిది. బిరడా తీయడానికి చాకు మొన వాడితే గాలిరంధ్రం అంచు చీరుకుపోతుంది. పెట్టెలో చీలిక ఉన్న చిన్న ప్లాస్టిక్ పుల్ల వస్తుంది, అది అందుకే. చాలామంది దాన్ని ప్యాకింగ్‌తో పాటు పారేస్తారు!

పెట్టె మీద యాంటీ బరస్ట్ అని ఉంటే పగలదని కాదు. చిల్లు పడితే టప్పున పేలకుండా మెల్లగా దిగుతుందని అర్థం. ఆ గుర్తు లేని బంతిని గర్భిణి కోసం అసలు కొనొద్దు. బరువు విషయంలో పెట్టె మీద ఒక్కోసారి రెండు అంకెలుంటాయి. వందల కిలోలు చూపించే పెద్ద అంకె ఫ్యాక్టరీలో కదలకుండా నొక్కి చూసిన లెక్క. మనకి కావలసింది వాడేవారి బరువు పరిమితి.

నేల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు: నున్నటి గచ్చు మీద యోగా చాప వేయాలి, కాళ్లకి ఏమీ లేకుండా లేదా పట్టున్న సాక్సులతో ఎక్కాలి. బంతిని గది మూలకి నెడితే రెండు గోడలు దాన్ని పట్టి ఉంచుతాయి. కూర్చునేటప్పుడు పిక్కలకి బంతి తగిలేదాకా వెనక్కి జరిగి, ఒక చేయి దాని మీద వేసి, కాళ్లు తుంటి కన్నా ఎడంగా పెట్టి దిగాలి. పక్కన మనిషి ఉండాలి. అలవాటైనవాళ్లకి కూడా ఈ నియమం సడలించొద్దు, ఎందుకంటే నెలలు నిండేకొద్దీ శరీరం బరువు ముందుకి జరుగుతుంది, నిలకడ మారుతుంది.

నెలలు నిండక ముందు దీనితో చేసేది చిన్న కదలికలే: కటిని ముందుకీ వెనక్కీ వంచడం, చిన్న వలయాలు తిప్పడం, ఎనిమిది అంకె గీసినట్టు కదపడం. ఒక్కో విడత పది పదిహేను నిమిషాలు చాలు. వెనక ఆనుకునేదేమీ ఉండదు కాబట్టి ఆఫీసు కుర్చీకి బదులుగా రోజంతా పనికిరాదు. ముందు వైపు కటి ఎముక కలిసే చోట నొప్పి ఉన్నవాళ్లు కాళ్లు బాగా ఎడంగా పెట్టి పెద్ద వలయాలు తిప్పితే నొప్పి పెరుగుతుంది, వాళ్లు కాళ్లు దగ్గర పెట్టి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊగితే చాలు. రక్తం పోతున్నా, మాయ కిందికి ఉందని చెప్పినా, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే ప్రమాదం ఉన్నా డాక్టరుని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

ఇక నొప్పులప్పుడు. కూర్చోవడం కన్నా వాలడం ఎక్కువ సుఖం. మోకాళ్ల కింద దిండు వేసుకుని, బంతి మీద చేతులూ ఛాతీ వాల్చి, తల పక్కకి పెట్టి మెల్లగా ఊగాలి. బిడ్డ బరువు వెన్ను మీద నుంచి తగ్గుతుంది, నడుం వెనక భాగం తోడున్నవారికి అందుబాటులో ఉంటుంది. నొప్పి వచ్చినంతసేపూ వాళ్లు అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో త్రికాస్థి (వెన్నెముక కింది చివర ఉండే ముక్కోణపు ఎముక) మీద గట్టిగా నొక్కి ఉంచాలి, రుద్దకూడదు. వెన్ను నొప్పులున్నవాళ్లకి ఈ ఒక్క పనీ బంతి కొన్నందుకు సరిపోతుంది. తరగతుల్లో మాత్రం దీన్ని ఒక్కసారి చూపించి వదిలేస్తారు. ఏడో నెల నుంచే, నిమిషం పాటు నొప్పి వచ్చిందనుకుని, ఊపిరి పొడుగ్గా వదులుతూ ఇద్దరూ కలిసి అభ్యాసం చేయకపోతే ఆ వేళకి గుర్తురాదు.

మోకాళ్ల మీద ఉన్నప్పుడు కొందరికి బంతి మరీ ఎత్తవుతుంది. అప్పుడు మంచం బ్రేకులు బిగించి, బంతిని మంచం మీద పెట్టి, నిలబడి వాలాలి, ఎదుట ఒకరు దాన్ని పట్టుకోవాలి. ఉమ్మనీరు పోతుంటే బంతి మీద పీల్చే గుడ్డ వేయకుండా కూర్చోవద్దు, తడి పీవీసీ జారుతుంది. బిడ్డ గుండె చప్పుడు చూసే బెల్టులు కూడా ఊగితే జరిగిపోతాయి, సిగ్నల్ పోయిందంటే ముందు బెల్టు సర్దించాలి.

ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) తీసుకుంటే గుండ్రటి బంతి పక్కన పెట్టి వేరుశనగ కాయ ఆకారంలో ఉండే పీనట్ బాల్ తెచ్చుకోవాలి. పక్కకి పడుకున్నప్పుడు కాళ్ల మధ్య పెట్టేది అదే, 45 సెంటీమీటర్లది ఎక్కువమందికి సరిపోతుంది. పై కాలి మోకాలూ చీలమండా రెండూ బంతి మీదే ఆనాలి. పాదం కిందికి వేలాడితే తొడ బయటికి మెలిపడుతుంది, మొద్దుబారిన కాలికి అది తెలియదు. అరగంట నుంచి గంట లోపు పక్క మార్చమని నర్సుని అడగాలి.

బంతి ఎక్కితే నొప్పులు మొదలవుతాయనీ, ఎదురుకాళ్ల బిడ్డ తిరుగుతుందనీ చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013లో ప్రచురించిన సమీక్షలో, నొప్పుల తొలి దశలో పడుకోకుండా నిటారుగా ఉన్నవాళ్లకీ నడిచినవాళ్లకీ ఆ దశ సుమారు గంటా 22 నిమిషాలు తగ్గింది. ఆ మేలు పడుకోకపోవడం వల్ల వచ్చింది, బంతి ఒక్కదానిదే కాదు. కాబట్టి ఇంట్లో చోటు లేకపోతే కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, వీపు ఆనే చోట దిండు పెట్టి దాని మీదికి వాలినా చాలావరకు అదే పని జరుగుతుంది.

ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే అక్కడ బంతి ఉందేమో ముందే అడగండి. లేకపోతే గాలి తీసి మడిచి, పంపు కూడా అదే సంచిలో పెట్టండి. శుభ్రానికి మామూలు సబ్బునీళ్లు చాలు. ఎండలోనూ హీటరు పక్కనా వదిలితే గాలి వ్యాకోచించి బంతి సాగిపోతుంది. ఎక్కడైనా గీరుకుపోయినా, చిన్న చిల్లు పడినా అతుకు వేసి వాడే ఆలోచన పెట్టుకోకుండా కొత్తది కొనండి.